తలుపు వెనుక సాలగ్రామం

విద్యార్థులు వెల్లువలా వచ్చిపడిన ఆ రోజుల్లో, కెనడాలో, ఒషావాలోని ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న తెలుగు పిల్లలందరిదీ ఒకటే నమ్మకం: అల్మరాలోని చుట్టలు చుట్టుకున్న రాయి గండకీ నది సాలగ్రామమనీ, దానికి రోజూ నైవేద్యం పెట్టేవారికే అక్కడ స్థిరపడేందుకు పీఆర్ వస్తుందనీ. అందరూ వెళ్లిపోయాక ఆ భారం ధాత్రి మీద పడింది. ఇంటి యజమాని ఆమెను ఊరి బయటి వాగు గట్టుకు తీసుకువెళ్లాడు.

“కిచెనర్ ఊళ్లో వచ్చిన జాబ్ వదులుకుంటావా, అమ్మాయ్?”

“నేను మూవ్ అయితే దేవుడు పస్తుంటాడు కదంకుల్! సాయంత్రంలోగా వాళ్లకి ఆన్సర్ చెప్పాలి. ఏం చెప్పాలో తెలియట్లేదు.”

“రాయి తినదమ్మా. అది సముద్రపు నత్త గుల్ల. బురదలో కూరుకుపోయి రాయి అయింది.”

“సాలగ్రామం కూడా అలాంటిదేనని మొన్న మీరే అన్నారుగా?”

“అన్నాను. అది హిమాలయాల్లోది.”

“మరి దీన్నీ అక్కణ్నుంచే ఎవరో సూట్‌కేస్‌లో తెచ్చారట!”

“ఈ గట్టు చూడు. ఒక్కో పొర ఒక్కో కాలంలో పేరుకున్న సముద్రపు బురద.”

“ఒషావాలో సముద్రమా? ఇంకా కన్‌ఫ్యూజ్ చేస్తున్నారు.”

“నలభై అయిదు కోట్ల ఏళ్ల కిందట. తడిమి చూడు.”

ధాత్రి వంగి చూసింది. అవే చుట్టలు, రాతిపొర నిండా.

“ఇన్నిటికీ నైవేద్యం ఎవరు పెడుతున్నారంకుల్?”

“ఎవరూ పెట్టరు. ఇక్కణ్నుంచే ఒకటి తీసుకెళ్లి, గాలికి మీ బేస్‌మెంట్ తలుపు కొట్టుకోకుండా నేనే అడ్డం పెట్టాను.”