అన్నీ పచ్చబిళ్ళలే

ఏదీ, ఆ ఫోను ఇంకాస్త దగ్గరికి పట్టు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో, మీ నాయనమ్మ ఉంటే ఈపాటికి నాలుగు తిట్టేది. ఆఁ, కనిపించింది. నీ కింద పన్నెండు సెక్షన్లుంటే పన్నెండూ పచ్చగానే ఉన్నాయే. అంటే ఎక్కడా ఏ తంటా లేదనా? మేనేజరయ్యి నెల తిరక్కుండానే? సంతోషమేలే అమ్మా. కాకపోతే పచ్చబిళ్ళలంటే నాకు నమ్మకం లేదు. నవ్వకు, చెప్తా.

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీకి ఒక మేనేజరుండేవాడు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. చాటుగా మేమంతా ఆయన్ని చెడ్డవార్త సారు అనేవాళ్ళం. ఎందుకంటావా? రోజూ పొద్దున్నే మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో మేస్త్రీ ముందు నిలబడి, "ఇవాళ చెడ్డవార్త ఏమిటోయ్?" అనేవాడు. చెప్పేదాకా టీ ముట్టేవాడు కాదు. నేను పై అంతస్తు మేస్త్రీని కదా, కొత్తలో ఒకరోజు "ఏం లేదు సార్, అంతా బాగుంది" అన్నాను. స్టూలు లాక్కుని నా ఎదురుగానే కూర్చున్నాడు. అరగంట. నాకు చెమటలు పట్టేశాయి. చివరికి జిగురు సగం గడ్డకట్టి పాడైందని ఒప్పుకున్నా. చీవాట్లు తప్పవనుకున్నా. "హమ్మయ్య, ఇక టీ తెప్పించు" అన్నాడు. చెడు చెప్పినవాణ్ణి ఆయన ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. తండ్రిలాంటి మనిషి. మా నాన్న కూడా నన్నంత ఓపిగ్గా వినలేదు, ఆ సంగతి వేరే.

ఆ తర్వాత ఆయన మోకాళ్ళు పోయాయి. మెట్లెక్కలేక, కింద తన గది బయట ఒక బోర్డు పెట్టించాడు. ఒక్కో సెక్షనుకి ఒక మేకు. బాగుంటే పచ్చబిళ్ళ, తేడా ఉంటే ఎర్రబిళ్ళ, పొద్దున్నే ఎవరిది వాళ్ళు తగిలించాలి. ఒకరోజు యజమాని వచ్చాడు. బోర్డు మీద నాలుగు ఎర్రబిళ్ళలుండటం చూసి, మా అందరి ముందూ ఆ పెద్దాయన్ని నానా మాటలూ అన్నాడు. తలకొట్టేసినట్టయింది మాకు. ఆయన మాత్రం బోర్డు తీయలేదు. ఆ సాయంత్రం మేస్త్రీలమంతా గేటు దగ్గర నిలబడి అనుకున్నాం, ఇక ఆ మనిషికి మా వల్ల మాట రాకూడదని. ప్రేమేనమ్మా, వేరే ఏం కాదు. మర్నాటి నుంచి బోర్డంతా పచ్చగా నిగనిగలాడింది.

అప్పటికే మా సామాన్ల లిఫ్టు బ్రేకు జారుతోంది. బాగుచెయ్యాలంటే రెండురోజులు ఆపాలన్నాడు మెకానిక్కు. పదిహేను రోజుల్లో యజమాని మళ్ళీ వస్తున్నాడు, అదయ్యాక చూద్దామన్నాను. బరువు తగ్గించమన్నా, మనుషులెవరూ ఎక్కొద్దని మావాళ్ళందరికీ మరీమరీ చెప్పా. పై అంతస్తులో అందరికీ తెలుసు. కింద ఆయనొక్కడికే తెలీదు. పచ్చబిళ్ళ మాత్రం నేనే తగిలించా, ఈ చేత్తోనే. తొమ్మిది రోజులు.

తొమ్మిది రోజులూ ఒక్క చెడ్డవార్తా లేకపోయేసరికి ఆయనకి తోచలేదట. గుమాస్తా తర్వాత చెప్పాడు. "పైన ఏదో జరుగుతోందోయ్, నేనే వెళ్ళి చూస్తా" అన్నాడట. మోకాళ్ళేమో సహకరించవు, బోర్డేమో పచ్చగా ఉంది. లిఫ్టెక్కాడు. నేను పైనే ఉన్నాను. చప్పుడు విని సామాన్లనుకున్నా. లిఫ్టు తలుపు కమ్మీల సందులోంచి ముందు ఆయన నెరిసిన తల కనిపించింది, తర్వాత మొహం. నన్ను చూసి పలకరింపుగా చెయ్యెత్తాడు. అరిచాననే అనుకుంటా. అంతలోనే లిఫ్టు కిందికి జారిపోయింది.

మూడోరోజు ఆస్పత్రిలో నన్ను పిలిపించాడు. మాట సగం సగం వస్తోంది. నన్ను చూసి, "ఇవాళ చెడ్డవార్త ఏమిటోయ్?" అన్నాడు. చెప్పెయ్యాలనే వెళ్ళానమ్మా, ప్రమాణంగా చెప్తున్నా. ఆ కట్లు చూశాక మాత్రం, "ఏం లేదు సార్, అంతా బాగుంది" అన్నాను.  నర్సు టీ తెచ్చి ఆయన ముందు పెడితే, వద్దన్నట్టు తలూపాడు.

...ఆ కిటికీ తలుపు కాస్త వేసిరా తల్లీ. చల్లగాలి వస్తోంది.