మునిమాపు చిరుత కోసం పదేళ్లు: శ్రీ అలీ అహ్మద్ గారు

1953 అక్టోబరు 1వ తేది మధ్యాహ్నం, కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రపు సంబరాలతో ప్రొద్దుటూరు బజారంతా కాగితపు జెండాలు కట్టుకుని కళకళలాడుతున్న వేళ, రేషనింగు ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాగా ఉన్న శ్రీ అలీ అహ్మద్ గారి చేతికి ఒక గోధుమరంగు కవరు అందింది. పులివెందుల అటవీ కార్యాలయంలో ఖాయమైన గుమాస్తాగా ఆయనను నియమిస్తూ వచ్చిన ఉత్తర్వు అది. ఆరు నెలలకొకసారి పొడిగింపు కాగితం వస్తుందో రాదోనని పదకొండేళ్లు ఎదురుచూసిన ఆ మనిషి, దాన్ని మూడుసార్లు తమలో తాము చదువుకుని, నాలుగోసారి తమ సతీమణి మైమూన్ గారికి వినబడేలా చదివారు. అంతా విని, పులివెందులలో మంచినీళ్ల బావి ఇంటికి ఎంత దూరమో ముందు కనుక్కోమన్నారట ఆమె. మూడవ తేది, శనివారం, ఉదయం పది గంటలకు ఆయన ఉద్యోగంలో చేరారు. ఆయన కొలువుకూ రాష్ట్రానికీ రెండే రోజుల తేడా అని ఆయన ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

పులివెందులలో నాలుగేళ్లు, ప్రొద్దుటూరులో మూడేళ్లు, 1960 నుంచి నేటివరకు జమ్మలమడుగులో ఆయన చేసిన సేవను వర్ణించడానికి పెద్ద మాటలు అక్కరలేదు. ఆయన రాసిన రిజిస్టర్లను తెరిస్తే చాలు. ముత్యాల్లాంటి అక్షరాలు, కొట్టివేత లేని పుటలు, అంచు చెదరని కట్టలు. తమకంటే ఆరేళ్లు చిన్నవాడైన సహోద్యోగికి ముందుగా ప్రమోషన్ వచ్చిన రోజున, పూలదండ తెప్పించి స్వహస్తాలతో వేసినవారు ఆయనే. మరొకరికి కోరుకున్న ఊరికి బదిలీ అయితే, సామాను కట్టడానికి తాళ్లు తీసుకుని వెళ్లిన మొదటి మనిషీ ఆయనే. కనుక అలీ అహ్మద్ గారు అసూయ ఎరుగనివారని మేమందరం నమ్మాం. ఆ నమ్మకం తప్పని మాకు తెలియజేసినవారు కూడా ఆయనే. తమ జీవితంలో ఒక్క బొమ్మ విషయంలో తాము కుళ్లుకున్నామని, ఈ వీడ్కోలు సంచికలో ఏమి రాసినా రాయకపోయినా ఆ సంగతి మాత్రం వదలవద్దని ఆయన కోరారు. కింద రాసినదంతా ఆయన నోట విన్నదే.

1954 వేసవిలో, రేంజర్ గారి వెంట క్యాంపు గుమాస్తాగా లింగాల వైపు కొండలకు వెళ్లినప్పుడు, పొద్దుగుంకిన కాసేపటికి, దొన అని పిలిచే రాతిగుంట దగ్గర ఆయన మొదటిసారి చిరుతపులిని చూశారు. అది తలవంచి నీళ్లు తాగి, మూతి నాక్కుని, ఎవరినో పలకరించి వెళ్తున్నట్టుగా ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయింది. ఆ మరుసటి నెలలోనే ఆయన ఒక పాత మడత కెమెరాను సంపాదించారు. చిరుత మునిమాపున గానీ బయటికి రాదు. ఆ మసక వెలుతురు కెమెరాకు చాలదు. చాలాలంటే కెమెరా కన్ను ఒక్క సెకను పాటైనా తెరిచి ఉండాలి. ఆ సెకనులో చిరుత చెవి కదిలించినా బొమ్మ పొగలాగా చెదిరిపోతుంది. మెరుపుదీపం వాడితే అది మళ్లీ ఆ నీళ్ల దగ్గరికి రాదేమోనని ఆయన భయం.

పదేళ్లపాటు, బదిలీ అయిన ప్రతి ఊరి కొండల్లో మరో దొన వెతుక్కుంటూ, సెలవు దొరికిన ప్రతి ఆదివారమూ ఆయన ఈ చిక్కుముడి విప్పడంలోనే గడిపారు. మీట చప్పుడు వినబడకుండా కెమెరాకు మైమూన్ గారి పాత ముఖమల్ గుడ్డ చుట్టారు. వెలుతురు పెరుగుతుందని ఒకసారి దొన వెనకనున్న బండకు సున్నం కొట్టించారు. ఆ వాసనకు చిరుత మూడు నెలలు ఆ చాయలకే రాలేదు. సున్నం కొట్టిన కూలీలు మాత్రం, అత్తారింటికి వచ్చే అల్లుడికి కూడా ఇంత మర్యాద చేయరని ఏడాదిపాటు నవ్వుకున్నారు. చివరికి ఆయన ఒక నియమం కనిపెట్టారు. నీళ్లు తాగేటప్పుడు మాత్రమే చిరుత తల నిలకడగా ఉంటుంది. నాలుక నీటిని తాకినప్పుడే మీట నొక్కాలి. ఈ నియమంతో ఆయన ముప్పైకి పైగా బొమ్మలు తీశారు. తల ఉన్నదానిలో ఒళ్లు లేదు, ఒళ్లు ఉన్నదానిలో తల లేదు. ఆ ఆల్బమును ఆయన ఎవరికీ చూపించేవారు కారు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మా జూనియర్ గుమాస్తా జోసఫ్ గారికి, మిషన్ బడి ఉపాధ్యాయిని విమల గారికి వివాహమైంది. పెళ్లికూతురికి ఆమె అన్నగారు ఒక పెట్టె కెమెరా బహూకరించారు. ఆ కొత్త దంపతులు దానితో తీయని వస్తువు లేదు. అరుగు మీది పిల్లిని, ఉతికి ఆరేసిన దుప్పటిని, ఒకరినొకరు లెక్కలేనన్ని సార్లు తీసుకున్నారు. వారి ముచ్చట చూసి మురిసిపోయిన అలీ అహ్మద్ గారు, మే నెలలో ఒక ఆదివారం, తాము కాచుకునే మాటు చూపిస్తామని వారిని గండికోట కొండల్లోని దొన దగ్గరికి పిలుచుకుపోయారు. తమ నేర్పు చూపించాలన్న చిన్న కోరిక కూడా ఉండిందని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం చిరుత వచ్చింది. నీళ్లు తాగలేదు. ఎదుటి బండ మీద ముందుకాళ్లు చాపుకుని, నింపాదిగా పడుకుని, మాటువైపే చూస్తూ ఉండిపోయింది. ఆయన వేలు మీట మీదనే ఉంది.

"ఇంకా తాగలేదు. తాగనీ," అని ఆయన గొణిగారు.

కాసేపటికి చిరుత లేచి, ఒళ్లు విరుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. కొండ దిగేటప్పుడు జోసఫ్ గారు ఉండబట్టలేక అడిగారు.

"ఏంది సార్, మీరు తీయనేలేదా?"

"అది తాగలేదు కదప్పా."

"నేను నొక్కినా సార్," అన్నారు విమల గారు సంకోచంగా. "చేతులు వణుకుతాంటే పెట్టెను రాయి మింద పెట్టి నొక్కినా. దాన్ని చూస్తా చూస్తా ఏలు తియ్యడం మర్చిపోతి. పాడైపోయింటాదిలే."

కడిగి చూద్దామని ఆయన దయగా ఆ ఫిల్ము తీసుకున్నారు. పాడైపోయి ఉంటుందన్న మాట ఎంత తీయగా వినిపించిందో చెప్పలేమన్నారు.

ఇంటికి వెళ్లి, వంటింటి పక్క గదిలో దాన్ని కడిగారు. పెట్టె కెమెరాలో, నొక్కినంతసేపు కన్ను తెరిచి ఉంచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు ఎవరి చెయ్యి తగిలిందో, దాన్ని మార్చే పుల్ల అటువైపు జరిగి ఉంది. విమల గారు వేలు మరిచిపోయిన ఆ నాలుగైదు సెకన్లూ చిరుత రాయిలాగా కదలలేదు. తోక కొన తప్ప మిగిలిన ఒళ్లంతా, మచ్చలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేటంత స్పష్టంగా నెగెటివులో నిలిచి ఉంది. పదేళ్లు ఆయన కలగన్న బొమ్మ, ఆయన చేతుల్లోనే, ఆయన కలిపిన మందులోనే తేలి వచ్చింది. అది ఆయనది కాదు.

మరునాడు జోసఫ్ గారు అడిగితే ఇంకా కడగలేదన్నారు. ఆపైన మద్రాసు నుంచి మందులు రాలేదన్నారు, బావినీళ్లు ఉప్పగా ఉన్నాయన్నారు, ఈ ఎండకు ఫిల్ము కరుగుతుందన్నారు. సారుకు శ్రమ ఇస్తున్నామని విమల గారు అలసంద వడలు పంపితే, ఆ వడలూ తిన్నారు. జూన్ రెండవ వారంలో ప్రొద్దుటూరులో జరగబోయే ప్రదర్శనకు మన శాఖ తరఫున పంపదగిన బొమ్మ ఏదైనా ఉందా అని రేంజర్ గారు అడిగినప్పుడు, లేదని చెప్పారు. ప్రదర్శనకు పంపే బొమ్మల జాబితా ఆ వారం శనివారంతో ముగియనుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో పై అధికారికి తాము చెప్పిన అబద్ధం అదొక్కటేనని ఆయన అన్నారు.

ఇరవయ్యవ రోజున, శుక్రవారం మధ్యాహ్నం, మైమూన్ గారికి బీరువాలో తమ పెళ్లిచీర మడతల్లో ఆ నెగెటివు దొరికింది. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. ఇది ఎవరిదని అడిగారు. ఆయన దాచలేదు, అంతా చెప్పారు. ఆ పిల్ల నిన్నగాక మొన్న కెమెరా ముట్టుకున్నదని, తాము పదేళ్లు కాచుకున్నామని చెప్పుకుపోతుంటే ఆమె అడ్డుతగిలారు.

"పదేండ్లు నన్ను ఇంట్లో ఇడిచిపెట్టి ఆ పులి ఎంట తిరిగితిరి. ఆదివారం ఆదివారం నాకు కుళ్లు రాలేదనుకుంటిరా? నేనేమన్నా మీ కెమెరాను బాయిలో ఏసినానా?"

ఆ సాయంత్రమే కిటికీలకు దుప్పట్లు కట్టి అచ్చువేయడానికి కూర్చున్నారు. మసక వెలుతురు బొమ్మను కాగితం మీదికి దించడం తేలిక కాదు. బండ తెల్లబడితే మచ్చలు పోతాయి, మచ్చలు నిలిస్తే కళ్లు మునిగిపోతాయి. అట్టముక్కను చిరుత ఆకారంలో కత్తిరించి, వెలుగుకు అడ్డంగా ఆడిస్తూ, ఎనిమిది కాగితాలు పారేసి, తొమ్మిదోదానిలో చిరుతను ఉన్నదున్నట్టు నిలబెట్టారు. తాము తీసిన ఏ బొమ్మకూ అంత శ్రమపడలేదన్నారు. పడదగిన బొమ్మ అంతకుముందు ఉంటే కదా అని కూడా అన్నారు.

మరునాడు పొద్దున్నే దాన్ని తీసుకుని జోసఫ్ గారి ఇంటికి వెళ్లారు. విమల గారు బొమ్మను చూసి చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆయన, ఇది మొదటి రోజే వచ్చిందని, తామే దాచామని, ఓర్వలేక దాచామని నిలబడే చెప్పారు. జోసఫ్ గారు తల దించుకున్నారు. విమల గారే మాట్లాడారు.

"ఇరవై దినాలు మీరు రోజూ దీన్ని చూసుకుంటా ఉంటిరి. మాకు ఒక్క దినమన్నా చూపించకపోతిరే సార్."

ఆ మాట నేటికీ తమకు గుచ్చుకుంటూనే ఉందని ఆయన అంటారు. ఆమె మరి కాసేపు బొమ్మను చూసి, ఆ మచ్చలను ఎట్లా తెప్పించారో నేర్పమని అడిగారు. ఆ క్షమకు ఆయన ఇచ్చిన బదులు, ఆ గంటలోనే రేంజర్ గారి దగ్గరికి వెళ్లి తమ అబద్ధాన్ని ఒప్పుకుని, జాబితాలో బొమ్మను చేర్పించడం. ఇద్దరి పేర్లూ వేయమని రేంజర్ గారు సూచించినా వినక, తమ ముత్యాల అక్షరాలతో అట్ట మీద "ఛాయాచిత్రం: శ్రీమతి విమల" అని ఆయనే రాశారు. ఆ అట్టను మీరు మన కార్యాలయంలో నేటికీ చూడవచ్చు, "వి" అక్షరపు గుడి కొంచెం వంకర.

ప్రదర్శనలో మూడు రోజులు ఆ బొమ్మ పక్కన నిలబడి, తీసింది ఎవరని అడిగిన ప్రతివారికీ ఆమె పేరు చెప్పారు. మూడోరోజు ఖాజీపేట నుంచి వచ్చిన ఒక రైతు కథంతా విని, ఆయనను ఎగాదిగా చూశారు.

"నువ్వు గూడా ఆడనే ఉంటివి కదప్పా. నీ కెమెరా యాడబోయింది?"

"నా చేతిలోనే ఉండె," అన్నారు అలీ అహ్మద్ గారు.

ఆ కుళ్లు ఇప్పటికీ పోలేదని, పోయిందని మేము రాస్తే అది రెండో అబద్ధమవుతుందని ఆయన మమ్మల్ని హెచ్చరించారు. కనుక రాయడం లేదు. ఓర్వలేనితనాన్ని గుండెలో పెట్టుకుని కూడా న్యాయంగా నడుచుకున్న మనిషిని, అసూయే ఎరుగని మనిషికంటే ఎక్కువగా గౌరవిస్తున్నామని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాం.

నేడు, 1964 జూన్ 30వ తేది సాయంత్రంతో శ్రీ అలీ అహ్మద్ గారి ఉద్యోగ జీవితం ముగుస్తుంది. రేపటి నుంచి రక్షిత అరణ్యంలో అడుగుపెట్టాలంటే మిగతా ప్రజలందరిలాగే ఆయనకూ అనుమతి చీటీ కావాలి. శాలువా, పడకకుర్చీ వద్దని, ఏడాదికి చెల్లే అనుమతి చీటీ ఇప్పించమని ఆయన కోరారు. ఈ కార్యాలయంలో గుమాస్తాగా ఆయన రాసిన చివరి కాగితం తమ పేరిట రాసుకున్న ఆ చీటీయే. రేంజర్ గారు ఈ ఉదయం సంతకం చేశారు.

ఆయన కళ్లు మసక వెలుతురులో కూడా చురుగ్గా ఉండాలనీ, కొండ ఎక్కే మోకాళ్లకు నొప్పి రాకూడదనీ, మైమూన్ గారితో కలిసి నిండు నూరేళ్లు సుఖంగా, ఆరోగ్యంగా జీవించాలనీ మనసారా కోరుకుంటున్నాం. రేపు, బుధవారం, సాయంత్రం నాలుగు గంటలకు అలీ అహ్మద్ దంపతులు, జోసఫ్ దంపతులు కలిసి దొన దగ్గరికి బయలుదేరుతున్నారు. మైమూన్ గారు ఆ చిరుతను చూడబోవడం ఇదే మొదటిసారి. విమల గారు తమ కెమెరాను ఇంట్లోనే పెట్టి రావాలని అలీ అహ్మద్ గారు ఒక షరతు పెట్టారు. ఆమె ఒప్పుకున్నారు.