బురుల్కాన్ గారు మార్చిన చివరి మాట

1986 మార్చి పద్నాలుగున, మంచు ఇంకా కరగని ఫ్రూంజె నగరంలో, శ్రీమతి బురుల్కాన్ ఒస్మోనోవా గారు మన డాక్యుమెంటరీ స్టూడియోలో ఎడిటింగ్ సహాయకురాలిగా చేరారు. అప్పుడామె వయస్సు ఇరవై మూడు. దేశం మారి, నగరం పేరు బిష్కెక్‌గా మారి, సహోద్యోగులలో సగం మంది సంతలో బట్టలమ్ముకోవడానికి వెళ్లిపోయిన దుర్దినాలలో కూడా కత్తెర విడువక, 1995లో దర్శకురాలయ్యారు.

గనిలో చేతులు పోగొట్టుకుని నోటితో కలం పట్టిన ఉపాధ్యాయుడు, చూపు పోయినా వాద్యాలు చెక్కడం మానని వృద్ధుడు, ఇటువంటి ధీరులను గూర్చి ఆమె నిర్మించిన ఇరవై ఆరు చిత్రాలు మన సంస్థకు గౌరవాన్ని ఆర్జించిపెట్టాయి. ప్రతి ఒక్కరినీ ఆమె చివరగా ఒకే ప్రశ్న అడిగేవారు: "ఇంత కష్టం ఎలా తట్టుకున్నారు?"

2004 వసంతంలో కొండచరియ విరిగిపడి భర్తనూ, ఇద్దరు కొడుకులనూ కోల్పోయిన తుర్సునాయ్ అనే పాడిరైతును అదే ప్రశ్న అడిగారు. "బతికినవాళ్లం ధైర్యంగా ఉండాలి కదమ్మా" అన్నదామె. చిత్రానికి చక్కని ముగింపు దొరికింది.

ఎడిటింగ్ పూర్తి కాకముందే బురుల్కాన్ గారి ఏకైక పుత్రిక, పంతొమ్మిదేళ్ల అయ్‌జాన్, రక్తవ్యాధితో మూడు వారాలలో కన్నుమూసింది. ఆమె స్టూడియోకు రావడం మానేశారు. మేము వెళితే తలుపు తీసేవారు కారు. రెండు నెలల తరువాత, కబురు తెలిసిన తుర్సునాయ్, ఎండబెట్టిన పెరుగుండల సంచితో రెండు కనుమలు దాటి బస్సులో వచ్చి, తలుపు తీసేదాకా బాదింది.

"ఏమ్మాయ్, పొయ్యి వెలిగించి ఎన్నాళ్లయింది? ఇది ఇల్లా, గుర్రాల కొట్టమా?"

టీ కాచి చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పానే. ధైర్యమా పాడా! అంత దూరం నుంచి వచ్చావు కదా, నీక్కావలసిందే చెప్పా. నేనేం తట్టుకోలేదు. తెల్లారితే ఆవు అరుస్తుంది. లేస్తాను. అంతే."

"ఆవు లేనిదాన్ని, నేనేం చెయ్యనక్కా?"

"నా సినిమా సగంలో ఉందిగా? లే."

మరుసటి వారం బురుల్కాన్ గారు ఆ పల్లెకు వెళ్లి, ఆ మాటలనే చిత్రీకరించి, పాత ముగింపును తొలగించారు. నాటి స్టూడియో అధిపతి నొచ్చుకున్నారు: "ధైర్యం చెప్పే సినిమా తియ్యమంటే పాలు పితికే సినిమా తెచ్చావేంటమ్మా?"

"నాక్కూడా మొన్నటిదాకా ఆ ధైర్యమే కావాల్సొచ్చేదండీ. ఇప్పుడు దాన్ని చూడలేను" అన్నారామె.

ఆ చిత్రాన్ని మొదట ఆ పల్లె బడిలోనే ప్రదర్శించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనుక వరుసలో ఒక ముసలామె లేచి, మట్టి కింద ఉండిపోయిన తనవారి పేర్లు చెప్పి కూర్చుంది. ఆమె తరువాత మరొకరు, ఆపై ఇంకొకరు లేచారు. పొద్దుగూకే వరకు ఆ గదిలో పేర్లు మాత్రమే వినిపించాయి. అటుపిమ్మట తీసిన ఏ చిత్రంలోనూ బురుల్కాన్ గారు ఆ పాత ప్రశ్న అడగలేదు.

పదవీ విరమణ చేశాక ఇకపై కాలక్షేపం ఎలాగని మొన్న ఎవరో అడిగితే ఆమె ఇలా అన్నారు: "ఊళ్లవాళ్ల కథలన్నీ విన్నాను గానీ, నా పిల్ల కబుర్లు వినే తీరిక లేకపోయింది. దాని స్నేహితురాళ్లు ఇద్దరు ఓష్ పట్నంలో ఉన్నారు. వెళ్లి అడుగుతాను. కెమెరా తీసుకెళ్లను."

ఆ కబుర్లన్నీ తనివితీరా వినేందుకు చాలినంత ఆయుష్షును, ఆ ప్రయాణాలకు కావలసిన ఆరోగ్యాన్ని ఆమెకు దైవం ప్రసాదించాలని, అయ్‌జాన్‌ను ఎరిగిన ప్రతి గుమ్మమూ ఆమె కోసం తెరుచుకోవాలని మనసారా కోరుకుంటున్నాము.