రిపేరు బిల్లు మీద పేరు

ఇన్సూరెన్స్ ఆఫీసు కౌంటరు మీద మెకానిక్కమ్మ హెల్మెట్ పెట్టింది. గుమాస్తా తలెత్తాడు.

"ఎనిమిదేళ్లుగా నా బండికి చిన్న గీత కూడా పడలేదు. ప్రీమియం రెట్టింపు ఎందుకయింది సార్?"

"పోయిన నెల యాక్సిడెంట్ చేశారు కదమ్మా! ఇదిగో, క్లెయిమ్ కాగితం. పైన మీ పేరే."

ఆమె కాగితం చూసి నవ్వింది. తన చేతిరాత తనకు తెలియదా?

"ఇది నేను రాసిన రిపేరు బిల్లు. పైనున్నది బాగుచేసిన మనిషి పేరు. గుద్దిన బండి నంబరు కింద ఉంది, చదవండి."

"అరె, మీది కాదు! కానీ కంప్యూటర్లో ఎక్కిపోయిందమ్మా. ఈసారికి కట్టేయండి."

"జ్వరమొచ్చినవాణ్ణి వదిలేసి డాక్టరుకి మాత్రలు మింగిస్తారా? కట్టను. ఇప్పుడే మార్చండి."

"మార్చాలంటే మా మేనేజరు గారు సంతకం పెట్టాలి. ఆయన ఒక పట్టాన ఒప్పుకోరు."

"ఎందుకు ఒప్పుకోరు? పార్కింగ్‌లో స్తంభానికి గుద్ది, ఆ బండిని నా షెడ్డుకి నడిపించుకుంటూ తెచ్చింది ఆయనేగా!"

గుమాస్తా నంబరు మళ్లీ చూశాడు. గొంతు తగ్గించాడు.

"కూర్చోండమ్మా. రెండే నిమిషాలు."

"కూర్చుంటాను గానీ, ఆయన్ని ఇక్కడికే పిలవండి. కొత్త బ్రేకులు బాగా పడుతున్నాయో లేదో కనుక్కోవాలి."