పాస్‌వర్డుల ఛార్జి అప్పగింత

గుడివాడ, విశ్రాంత ఉద్యోగుల సంఘం మేడ గది. సాయంత్రం నాలుగున్నర. హాజరైనవారు, సీనియారిటీ వరుసలో: అధ్యక్షులు, విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు రాజారత్నం గారు, కార్యదర్శి సత్యవతి గారు, సహాయ కార్యదర్శి మార్కు గారు. బల్ల మీద పాత కంప్యూటరు, దాని పక్కన కొత్తది.

“...అంతేనండీ అధ్యక్షులు గారూ. పాతదాంట్లో ఉన్న పాస్‌వర్డులన్నీ ఒకే ఫైలుగా వస్తాయి. పెన్‌డ్రైవులో వేసి కొత్తదాంట్లో పెట్టేస్తాను. రెండు నిమిషాలు.”

“మూట విప్పకుండా సరుకు అప్పజెప్పుకోవడం నా సర్వీసులో లేదు, సత్యవతి గారూ. పమిడిముక్కల ఆఫీసులో ఛార్జి తీసుకున్ననాడు కాలు విరిగిన కుర్చీని సైతం తిరగేసి చూశాను. మీరు ఒక్కొక్కటీ చదవండి, నేను రిజిస్టరులో రాసుకుంటాను. మార్కు గారు సాక్షి సంతకం చేస్తారు.”

“పాస్‌వర్డంటే రహస్యం కదండీ రాజారత్నం గారూ. అక్కగారు చదివేటప్పుడు నేను చెవులు మూసుకోనా?”

“చెవులు మూసుకున్నవాడు సాక్షి ఎలా అవుతాడు, మార్కు గారూ?”

“అదికాదండీ, అయిదింటికల్లా ఆరోగ్య కార్డుల జాబితా పోర్టల్లో ఎక్కించాలి. ఇవాళే ఆఖరు. పాతదాంట్లో ఆ పోర్టలు తెరుచుకోవడమే మానేసింది. నలభై ఒక్క మందండీ. మాణిక్యమ్మ గారికి సోమవారం ఆపరేషను, కార్డు లేకపోతే చేర్చుకోరు.”

“అందుకే ఆలస్యం వద్దంటున్నాను, సత్యవతి గారూ. ఛార్జి పూర్తికానిదే కొత్త కంప్యూటరుపై ఎవరూ చెయ్యి వేయరాదు. మొదటి అంశం.”

“సంఘం మెయిలండీ. గుడివాడ ఎట్ వన్ నైన్ సెవెన్ టూ.”

“వినిపించలేదు. గట్టిగా.”

“గుడివాడ. ఎట్. వన్ నైన్ సెవెన్ టూ.”

“ఎట్ అనగా ఎలా రాయాలి?”

“ఏ రాసి చుట్టూ సున్నా చుట్టాలటండీ రాజారత్నం గారూ. కింద టీ కొట్టు యలమంద చెబుతున్నాడు.”

“అతనికి కృతజ్ఞతలు చెప్పండి, మార్కు గారూ. రెండవ అంశం.”

“కరెంటు బిల్లుదండీ...”

“గట్టిగా.”

“కరెంటు బిల్లుదండీ.”

“అక్కగారూ, నాలుగూ నలభై ఏడు. అయినవి ఏడు. ఐదోదాంట్లో గీత అడుగునా, నడుమనా అని యలమంద అడుగుతున్నాడు. అడుగునే రాసుకున్నాడట.”

“అతను కూడా రాసుకుంటున్నాడా, మార్కు గారూ?”

“ఎందుకైనా మంచిదని అంటున్నాడండీ.”

“మంచిదే. రెండవ సాక్షిగా అతని పేరు చేర్చండి. ఎనిమిదవ అంశం, సత్యవతి గారూ.”

“అది... కార్డుల పోర్టలుదండీ. అది చదవక్కర్లేదు. నాకు నోటికొచ్చు, నేరుగా కొట్టేస్తాను.”

“నోటికి వచ్చినది చెప్పడానికి అభ్యంతరమేమి?”

“పొడుగండీ.”

“రిజిస్టరులో చోటున్నది.”

“తొమ్మిదోది చదువుతానండీ ముందు.”

“వరుస తప్పితే ఛార్జి చెల్లదు. మార్కు గారూ, తెర మీది అక్షరాలు నాకు ఆనవు. మీరు చదవండి.”

“నువ్వు ఇటు రాకు, మార్కూ.”

“అక్కా, నాలుగూ యాభై. మాణిక్యమ్మ గారి మొహం చూసైనా చెప్పెయ్యి.”

“ఆవిడ మొహమే చూస్తున్నాను. తర్వాత నా మొహం ఎవరికి చూపించను?”

“సత్యవతి గారూ. ఎనిమిదవ అంశం.”

“రాజారత్నంగారు ఎప్పుడు దిగుతారు.”

“ఏమన్నారు? గట్టిగా.”

“రాజారత్నంగారు ఎప్పుడు దిగుతారు. ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు, కలిపి. చివర ఇరవై ఆరు.”

“...మార్కు గారూ, యలమంద ఏమంటున్నాడు?”

“రాసుకున్నానంటున్నాడండీ.”

“ఇది ఎప్పుడు పెట్టారు, సత్యవతి గారూ?”

“మీరు రెండోసారి అధ్యక్షులుగా ఏకగ్రీవంగా ఎన్నికైన రోజునండీ. ఆరేళ్లు దాటింది.”

“ఇరవై ఆరు దేనికి?”

“తొంభై రోజులకోసారి పాస్‌వర్డు మార్చకపోతే పోర్టలు ఒప్పుకోదండీ. మాటలు అవే ఉంచి, అంకె ఒకటి పెంచుతూ వచ్చాను.”

“అనగా ఇది ఇరవై ఆరవది.”

“అవునండీ.”

“‘గారు’ ఉన్నది.”

“ఉందండీ.”

“అన్నిసార్లూనా?”

“అన్నిసార్లూనండీ.”

“రాసుకున్నాను. ఇంకెన్ని?”

“అదే ఆఖరుదండీ.”

“తొమ్మిదవది ఉన్నదన్నారే.”

“లేదండీ. ఎనిమిదోది దాటేద్దామని అలా అన్నాను.”

“సరే. ముగ్గురమూ సంతకాలు చేశాము. ఛార్జి పూర్తయినది. కొత్త కంప్యూటరు తెరవండి.”

“నాలుగూ యాభై ఆరు. కానివ్వు, అక్కా.”

“కొడుతున్నాను, తొందర చెయ్యకు మార్కూ... రాజారత్నం...”

“‘గారు’ మరువకండి, సత్యవతి గారూ.”

“లేదండీ... తెరుచుకుంది. జాబితా పెడుతున్నాను. తిరుగుతోంది... వెళ్లింది. నలభై ఒక్క పేర్లూ వెళ్లాయండీ. రసీదు నెంబరు కూడా వచ్చింది.”

“నాలుగూ యాభై తొమ్మిది, రాజారత్నం గారూ.”

“సంతోషం. మార్కు గారూ, మినిట్సు పుస్తకం తీయండి.”

“అధ్యక్షులు గారూ, నేను రాజీనామా రాసిచ్చేస్తానండీ. మార్కుచేత అవన్నీ రాయించకండి.”

“కూర్చోండి, సత్యవతి గారూ. రాయండి, మార్కు గారూ. ‘కార్యదర్శి శ్రీమతి సత్యవతి గారు ఆరేళ్లకు పైబడి, ఒక్కసారైనా గడువు తప్పక, మర్యాదకు లోపం రానీయక, ఇరవై ఆరు పర్యాయములు దాఖలు చేసిన అర్జీ అధ్యక్షుల దృష్టికి నేడు వచ్చినది. జవాబు లేకున్నను విడువని ఆమె ఓర్పును ఈ సంఘం కృతజ్ఞతతో నమోదు చేయుచున్నది. అర్జీ మంజూరు చేయడమైనది.’”