పొయ్యి ఆర్పని చెన్నమ్మ, ఆమెను సృష్టించిన శేషయ్య గారు

1953 అక్టోబరు పన్నెండవ తేదీన శ్రీ గుండ్లూరి శేషయ్య గారు నంద్యాల నుండి బదిలీపై వచ్చి మా ఆళ్లగడ్డ కచేరీలో గుమాస్తాగా చేరారు. అంతవరకు ఈ కచేరీలో కథకుడంటే ఈ వ్యాసకర్త ఆదినారాయణ ఒక్కడే. ఆ సుఖం ఆనాటితో సరి.

వారి కార్యదక్షత, సమయపాలన, మృదుభాషణం సర్వజనవిదితాలు. కథలలో మాత్రం వారు సినిమా పాటలను, గోడమీది బొమ్మలను, రేడియో కబుర్లను నిస్సంకోచంగా ప్రవేశపెట్టేవారు. శాశ్వత సాహిత్యంలో నాలుగునాళ్ల ముచ్చట్లకు చోటేమిటని ఆదినారాయణకు ఒళ్లు మండేది.

"పాట పాతబడితే నీ కథా పాతబడతాదన్నా" అని మొహం మీదే అన్నాడు.

"పడనీలే ఆదినారాయణా. జనం నోట్లో ఉండేదే నేను రాస్తాండా" అని వారు ఊరుకున్నారు.

1956లో నంద్యాలలో ఉద్యోగుల కథల పోటీ జరిగింది. మొదటి బహుమతి కథను సభలో చదివిస్తారు. ఆదినారాయణ ఆ గౌరవంపై కొండంత ఆశతో, భర్తకై నిరీక్షించే ఇల్లాలి వేదనను మూడు పుటల సంధ్యావర్ణనతో చిత్రించాడు. శేషయ్య గారిదీ ఎదురుచూపుల కథే. మా ఊరి డేరా సినిమా వాళ్లు ఆటకు ముందు మైకులో ఒక దేవుడి పాట వేసేవారు. అది వినగానే ఆడవాళ్లు పొయ్యిలార్పి, తలుపులు వేసి బయలుదేరేవారు. సినిమాకు తీసుకుపోతానన్న భర్త కోసం చూసే చెన్నమ్మ గురించి వారు రాసింది రెండే ముక్కలు: "డేరాలో పాట పడింది. చెన్నమ్మ పొయ్యి ఆర్పలేదు."

బహుమతి వారికే వచ్చింది. సభలో ఆదినారాయణ భార్య విజయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఊరోళ్ల కథకు ఏడుస్తాండావే" అని అతడు కసిరాడు.

"మీ కథలో యాడ ఏడ్వాల్నో తెలీలేదు" అందామె.

ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. మరుసటి ఏడు వారు హెడ్ గుమాస్తా అయినప్పుడు కూడా అంత బాధ కలగలేదు.

1958లో పక్కా హాలు లేచింది. డేరా పోయింది, పాటా పోయింది. ఇక ఆ కథకు నూకలు చెల్లాయని ఆదినారాయణ లోలోపల సంబరపడ్డాడు. మొన్న ఈ వీడ్కోలు సంచికకై వారి కథను ఎంచేటప్పుడు, డేరా ముఖమే ఎరుగని కొత్త గుమాస్తా జాన్ చేతికి కావాలనే దాన్ని ఇచ్చాడు.

"ఏం పాట సార్ ఇది?" అన్నాడు జాన్. ఆదినారాయణకు ప్రాణం లేచివచ్చింది.

జాన్ చివరిదాకా చదివి, కాగితాలు బల్లమీద పెట్టాడు. "ఏ పాటైతే ఏముందిలే సార్. ఆయమ్మ మొగుడు రాలేదు గదా" అన్నాడు.

కావున శేషయ్య గారి కథకు ఒకరు దీర్ఘాయువు కోరవలసిన పని లేదని రుజువైంది. ఈ జూన్ ముప్పైన విరమిస్తున్న వారికి ఆయురారోగ్యాలను, మనవలు మనవరాండ్ర నడుమ నిండు నూరేళ్ల సౌఖ్యాన్ని భగవంతుడు ప్రసాదించుగాక. వారి కలానికి కూడా దయచేసి విశ్రాంతినిమ్మని ఈ వ్యాసకర్త చేతులు జోడించి వేడుకుంటున్నాడు.