ఎదురుగాలి

చిన్న విమానాశ్రయంలో, షెడ్డు ముందున్న నాలుగు సీట్ల విమానానికి అడ్డంగా నిలబడ్డాడు ఆయన. దాన్ని నడిపేది ఆయన మరదలే.

“మీ అక్క ఉన్న ఊరి విమానాశ్రయానికి రెండొందల కిలోమీటర్లు. గంట ప్రయాణం. నన్ను ఎక్కించుకోవడానికి నీకేం నొప్పి?”

“అది గాలి లేనప్పటి మాట. ఇవాళ ఎదురుగాలి, గంటన్నర దాటుతుంది. అక్కడ చుక్క ఇంధనం దొరకదు. తిరిగి రావడానికి కూడా ఇక్కణ్ణించే మోసుకెళ్లాలి.”

“సాకులు చెప్పకు. అక్కడ కాన్పు కష్టమై పడున్నది నా పెళ్లాం!”

“పెళ్లామా? కడుపుతో ఉన్నదాన్ని వదిలేసి పోయిన రోజు గుర్తురాలేదా ఆ మాట?”

“చూశావా, నా మీద కోపంతోనే ఆపుతున్నావు.”

“కోపం కాదు, మీరంటే అసహ్యం. అయినా ఆపుతున్నది అది కాదు. వెనక రెండు సీట్లలో అక్క పడుకోవడానికి పరుపు వేశాను; మిగిలిన మీ సీట్లో ఇంధనం డబ్బాలు పెడితేనే తనని ఇక్కడి ఆస్పత్రికి తేగలను. అక్కడికి మీరు వెళ్లాలా, ఇక్కడికి అక్క రావాలా? మీరే చెప్పండి.”

ఆయన భుజానున్న సంచి కింద పడేసి, గోడవారనున్న డబ్బా ఎత్తుకున్నాడు.

“లోపల ఎక్కడ పెట్టాలో చూపించు.”

ఆమె తలుపు తెరిచింది.

“నేను వచ్చానని తనతో చెప్తావా?”

“అడిగితే చెప్తాను. అడక్కపోతే మాత్రం మీ పేరెత్తను.”